మూల కుంగిన బల్ల

తణుకులో ఇనప సామాన్ల కొట్టు నడిపే త్రినాథరావు అన్ని విధాలా మంచివాడే గానీ, ఓడిపోవడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు. చిన్న మేకుతో పోయే పనికి పెద్ద మేకు అంటగట్టేవాడు కాదు. వీధిలో ఎవరింట్లో కష్టం వచ్చినా ముందుగా వెళ్ళి నిలబడేవాడు. కానీ ఆట అనేసరికి అతనిలో ఇంకో మనిషి లేచి కూర్చునేవాడు. తన పెళ్ళిలో, నీళ్ళ బిందెలో ఉంగరం వేసి వధూవరుల చేత తీయించే వేడుకలో, మూడుసార్లూ ఉంగరం తనే లాక్కున్నాడు. "ఒక్కసారి అమ్మాయికి వదిలెయ్యి నాయనా" అని పెద్దవాళ్ళు సైగ చేస్తే అర్థం కానట్టు మొహం పెట్టాడు. ఆ సంగతి అతని భార్య రాజ్యలక్ష్మి ఇప్పటికీ చుట్టాల దగ్గర చెప్పి నవ్వుతుంది. అప్పట్లో అది నవ్వుకునే సంగతే.

త్రినాథరావుకి ఒక ప్రాణస్నేహితుడు ఉండేవాడు. అతని పేరు దేవసహాయం. పళ్ళ డాక్టరు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గరికి నవ్వుతూ వెళ్ళేవాళ్ళు లోకంలో ఎక్కడా ఉండరు గానీ తణుకులో ఉండేవారు. దేవసహాయం చెయ్యి అంత తేలిక. పిల్లవాడి చేత ఏదో పొడుపు కథ విప్పిస్తూ ఉండేవాడు. వాడు జవాబు ఆలోచించేలోగా పన్ను డాక్టరు చేతిలో ఉండేది. "ఎప్పుడు తీశారండీ?" అని పెద్దవాళ్ళు కూడా అడిగేవారు.

సాయంత్రం కొట్టు కట్టేసి ఒకరు, ఆసుపత్రి మూసేసి ఒకరు ఊరి క్లబ్బుకి చేరేవారు. అక్కడ ఒక పూల్ బల్ల ఉండేది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల. నాలుగు మూలలా, రెండు పక్కల మధ్యలోనూ జేబులు. పొడుగాటి కర్రతో తెల్లబంతిని కొడితే, అది వెళ్ళి రంగుబంతిని తాకి జేబులో పడెయ్యాలి. త్రినాథరావు గట్టిగా కొట్టేవాడు. అతను ఆడుతుంటే బంతుల చప్పుడు వీధిలోకి వినిపించేది. దేవసహాయం మెల్లగా ఆడేవాడు. అతని బంతి నడిచి వెళ్ళినట్టు వెళ్ళి, జేబు అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి దిగేది. ఎక్కువసార్లు గెలిచేది అతనే. గెలిచినా గొప్పలు పోయేవాడు కాదు. "ఇవాళ నీకు టైం బాలేదులేరా" అని కర్ర గోడకి ఆనించేవాడు.

త్రినాథరావు మాత్రం ఇంటికొచ్చి కూరలో ఉప్పెక్కువైందనేవాడు. ఉప్పెక్కువైందంటే ఆయన ఓడిపోయి వచ్చాడని రాజ్యలక్ష్మికి తెలుసు. ఆవిడ మజ్జిగ వడ్డించేది.

ఒకరోజు ఆట అయ్యాక దేవసహాయం తన కుడిచేతిని చూసుకుంటూ అన్నాడు. "నా చెయ్యి ఎలా ఉందో నాకు ఈ బల్లే చెబుతుందిరా. నేను పంపిన బంతి గీత తప్పకుండా పోతున్నంత కాలం నేను ఇంకొకరి నోట్లో పట్టుకారు పెట్టొచ్చు. అది తప్పడం మొదలెట్టిన నాడు మానేస్తాను."

"నీ చెయ్యి ఎందుకు తప్పుతుందిరా, నా ఖర్మ కాకపోతే" అన్నాడు త్రినాథరావు. అన్నాడే గానీ, స్నేహితుడి మాట మాత్రం అతనికి బాగా గుర్తుండిపోయింది.

కొన్నాళ్ళకి క్లబ్బు పాత భవనాన్ని పడగొట్టి అక్కడ కల్యాణ మండపం కట్టాలని పెద్దలు తీర్మానించారు. వానకి తడిసి తడిసి అక్కడి బల్ల ఎప్పుడో పాడైపోయింది. కదిపితే కాళ్ళు ఊడిపోయాయి. స్నేహితులిద్దరికీ సాయంత్రాలు గడవడం కష్టమైంది. ఒకరి వాకిట్లో ఒకరు కూర్చుని దోమలు తోలుకునేవారు.

"మా ఇంటి వెనక గోడౌను సగం ఖాళీగానే ఉంది. ఎక్కడైనా పాత బల్ల ఒకటి చూసి తెచ్చుకుందాం" అన్నాడు త్రినాథరావు.

దేవసహాయం మొహం వెలిగిపోయింది. ఎవరి ద్వారానో వాకబు చేస్తే, రాజమండ్రిలో పాత సామాన్ల వ్యాపారి ఒకతని దగ్గర రెండు బల్లలున్నాయని తెలిసింది. వెళ్ళాల్సిన రోజున దేవసహాయానికి ఒక బళ్ళో పిల్లల పళ్ళు చూసే పని పడింది. అందుకని త్రినాథరావునే వెళ్ళమని, ఏమేం చూడాలో చెప్పాడు.

"కాళ్ళ మీద నగిషీ చూసి పడిపోకు. గుడ్డ చిరిగితే కొత్తది వేయించుకోవచ్చు, జేబు వల తెగితే కుట్టించుకోవచ్చు. గుడ్డ కింద ఉండే రాతిపలకే అసలు బల్ల. అంచుల్లో రబ్బరు వేలితో నొక్కి చూడు, గట్టిపడిపోతే వద్దు. ఆఖర్న ఒక బంతిని ఈ చివర్నుంచి ఆ చివరికి మెల్లగా దొర్లించు. ఇక ఆగిపోతుందేమో అనిపించేంత మెల్లగా. గట్టిగా కొడితే ప్రతి బల్లా మంచిదే. మెల్లగా పోయే బంతికే బల్ల గుణం తెలుస్తుంది."

"నువ్వు కూడా వస్తే బాగుండేదిరా" అన్నాడు త్రినాథరావు.

"నువ్వు చూస్తే నేను చూసినట్టే కదరా" అన్నాడు దేవసహాయం.

రాజమండ్రిలో ఆ వ్యాపారి పెద్ద రేకుల షెడ్డులో రెండు బల్లలూ చూపించాడు. రెండింటికీ ధర ఒకటే చెప్పాడు. మొదటిది చూడటానికి దిక్కులేనిదానిలా ఉంది. గుడ్డ మీద సిగరెట్టు కాల్చిన మచ్చలు. ఒక జేబుకి వల లేదు. త్రినాథరావు బంతి దొర్లించాడు. అది తిన్నగా వెళ్ళి, అవతలి అంచుని తాకి, తిన్నగా వెనక్కి వచ్చింది. రెండోదానికి సింహం పాదాల్లాంటి కాళ్ళు, కొత్త గుడ్డ. దాని మీద కూడా బంతి దొర్లించాడు. చాలా దూరం తిన్నగా వెళ్ళింది. అవతలి ఎడమ మూల దగ్గర పడేసరికి, సాయంత్రమైతే ఆవు తన కొట్టం వైపు తిరిగినట్టు, మెల్లగా పక్కకు ఒదిగిపోయింది.

"ఇదా సంగతి" అని త్రినాథరావు నవ్వుకున్నాడు. మొదటి బల్లే తీసుకుందామని అప్పటికప్పుడే అనుకున్నాడు కూడా. ఆ మాట చెబుదామంటే వ్యాపారి ఇంకెవరితోనో ఫోనులో మాట్లాడుతూ బయటికి వెళ్ళాడు. ఊరికే నిలబడటం ఎందుకని త్రినాథరావు కర్ర అందుకుని రెండో బల్ల మీద ఆడాడు. ఆ మూలకి మెల్లగా కొడితే బంతి తప్పిపోతోంది. గట్టిగా కొడితే ఆ వంపు దాన్నేమీ చెయ్యలేకపోతోంది. ఎంత వంపో తెలిశాక, ఒకటి రెండు బంతుల్ని వంపుకి తగ్గట్టు పక్కగా పంపి మరీ జేబులో వేశాడు. తన ఆట తనకే ముద్దొచ్చింది.

అప్పుడే అతనికి ఆ ఆలోచన వచ్చింది. గట్టిగా కొట్టేది తను. మెల్లగా ఆడేది దేవసహాయం. ఈ మూల సంగతి తెలిసేది తనొక్కడికే.

ఛీ అనుకున్నాడు. కర్ర పక్కన పెట్టేశాడు. కానీ తప్పు చేసేటప్పుడు మనిషికి సాకులకి కరువుండదు. కాళ్ళు అందంగా ఉన్నాయి అనుకున్నాడు. రాజ్యలక్ష్మి చూసి సంతోషిస్తుంది అనుకున్నాడు. కొత్త గుడ్డ వేయించే బాధ తప్పుతుంది అనుకున్నాడు. ఆ మాత్రం వంపు ఏ బల్లకి ఉండదు అనుకున్నాడు. వ్యాపారి తిరిగొచ్చేసరికి త్రినాథరావు సింహం కాళ్ళ బల్ల మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

రాతిపలకలు వేరు, కాళ్ళు వేరుగా విప్పి, లారీలో తెచ్చి, గోడౌనులో బిగించారు. బిగించడానికి రాజమండ్రి నుంచి వచ్చిన పనివాడు పని చివర్లో బంతి దొర్లించి చూసి తల గీరుకున్నాడు.

"అయ్యగారండీ, ఈ మూల పలక కాస్త కుంగిందండి. కింద నాలుగు రేకు ముక్కలు పెట్టి లేపితే సరైపోద్దండి. అరగంట పని" అన్నాడు.

"అక్కర్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచు" అన్నాడు త్రినాథరావు.

పనివాడికి మజ్జిగ తెచ్చిన రాజ్యలక్ష్మి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. "అరగంట పనే అంటున్నాడు కదండీ, చేయించుకోకూడదూ?" అంది.

"ఆటల సంగతి నీకు తెలీదులే" అన్నాడు. ఆవిడ మజ్జిగ గ్లాసు పనివాడి చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం రాజ్యలక్ష్మి బల్ల కాళ్ళకి పసుపు రాసి బొట్లు పెట్టింది. దేవసహాయం కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత గుడ్డ మీద అరచేత్తో నిమిరి, "మంచిది తెచ్చావురా" అన్నాడు. "బంతి దొర్లించి చూశావు కదా?"

"చూశాను. తిన్నగా పోయింది" అన్నాడు త్రినాథరావు.

ఆ రోజు త్రినాథరావు గెలిచాడు. మర్నాడూ గెలిచాడు. దేవసహాయం పంపిన బంతులు ఎప్పటిలాగే నడిచి వెళ్ళేవి. ఎడమ మూల దగ్గరికి వెళ్ళేసరికి జేబు అంచుకి తగిలి పక్కన నిలబడిపోయేవి. మొదట్లో అతను నవ్వేసేవాడు. "కొత్త బల్లకి అలవాటు పడాలిరా" అనేవాడు. త్రినాథరావు ఇంటి భోజనంలో ఉప్పు సరిగ్గా సరిపోతోంది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ నిన్నటి ఆట గురించి చెప్పేవాడు. అన్నాళ్ళ ఆకలి తీరుతున్నట్టుగా ఉంది అతనికి.

ఒక నెల గడిచాక దేవసహాయం నవ్వడం తగ్గించాడు. ఒకరోజు బంతి తప్పాక చాలాసేపు వంగి ఆ మూలనే చూస్తూ ఉండిపోయాడు.

"ఏరా త్రినాథా, ఆ మూల బల్ల కొంచెం ఒరిగిందంటావా?" అని అడిగాడు.

పిల్లలూ, త్రినాథరావు నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఇంకోటి లేదు. ఔనురా అంటే సరిపోయేది. నవ్వుతూ అన్నా సరిపోయేది. నాలుగు తిట్లు తిని, అరగంటలో బల్ల బాగు చేయించుకుని, మళ్ళీ ఓడిపోతూ హాయిగా బతికేవాడు. కానీ ఆ వేళ అతనికి ఎదురుగా స్నేహితుడు కనిపించలేదు. తన గెలుపులు చెయ్యిజారిపోవడమే కనిపించింది.

"అనుమానం ఎందుకు, చూసుకో" అని లేచి, కొట్లోకి వెళ్ళి రసమట్టం తెచ్చాడు. తాపీమేస్త్రీలు గోడల మట్టం చూసుకునే పనిముట్టు అది. దానిలో చిన్న గాజుగొట్టం, గొట్టంలో ఒక బుడగ ఉంటాయి. బుడగ మధ్యలో నిలబడితే మట్టం ఉన్నట్టు. త్రినాథరావు దాన్ని తీసుకొచ్చి బల్ల నడిమధ్యన పెట్టాడు. అక్కడ పలక బాగానే ఉందని అతనికి తెలుసు. బుడగ మధ్యలో నిలబడింది.

దేవసహాయం కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. దాన్ని తీసి మూల దగ్గర పెట్టి చూడొచ్చు. అతను పెట్టలేదు. స్నేహితుడు చూపించినదాన్ని రెండోసారి పరీక్ష చేసే మనిషి కాదతను.

"బల్ల బాగానే ఉంది. అయితే తేడా నాలోనే ఉంది" అన్నాడు మెల్లగా.

త్రినాథరావు రసమట్టం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "వయసొస్తోంది కదరా" అన్నాడు. ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేది.

దేవసహాయం వెళ్ళి కంటి డాక్టరుకి చూపించుకున్నాడు. కళ్ళకేమీ లేదన్నాడాయన. అయినా కొత్త కళ్ళజోడు చేయించుకున్నాడు. కొత్త కళ్ళజోడుతో కూడా బంతి ఆ మూల జేబులో పడేది కాదు. ఇంక మిగిలింది చెయ్యే. అంతకుముందు ఎప్పుడూ తన చేతి గురించి ఆలోచించని మనిషి, ఇప్పుడు రోజంతా దాని గురించే ఆలోచించడం మొదలెట్టాడు. ఆసుపత్రిలో ఒక పాప నోరు తెరిచి కూర్చుంది. దేవసహాయం పట్టుకారు ఆ పాప పంటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. మళ్ళీ తీసుకెళ్ళి మళ్ళీ ఆపేశాడు. పాప తండ్రిని పక్కకి పిలిచి, "నా చెయ్యి బాలేదండి. భీమవరం తీసుకెళ్ళండి" అని చెప్పి ఒక డాక్టరు పేరు రాసిచ్చాడు.

ఆ తర్వాత వారం ఆసుపత్రి బోర్డు దించేశాడు. చేతికి ఏమీ కాలేదు. నమ్మకానికి అయింది.

ఈ సంగతి త్రినాథరావుకి కొట్టుకొచ్చినవాళ్ళు చెబితే తెలిసింది. తాళం కొనడానికొచ్చిన ఒకాయన, "డాక్టరుగారు మానేశారటగా, పాపం. ఇంక మా పిల్లలు పన్నంటే ఏడుస్తారు" అన్నాడు. త్రినాథరావు తాళానికి బదులు గొళ్ళెం ఇచ్చాడు. ఆయన వెనక్కి తెచ్చిచ్చాక గానీ చూసుకోలేదు. విశ్రాంతి మంచిదేలే అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నది తనకే నచ్చలేదు.

సాయంత్రం దేవసహాయం ఎప్పటిలాగే వచ్చాడు. కానీ తన కర్ర తెచ్చి త్రినాథరావు చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. నువ్వు ఆడు, నేను చూస్తాను. నీ ఆట ఈమధ్య బాగా కుదిరింది" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే సంతోషపడుతున్నాడు. త్రినాథరావు ఒక్కడే బంతులు కొట్టాడు. ఒక్కటీ పడలేదు.

ఆదివారం దేవసహాయం భార్య సుగుణమ్మ చర్చి నుంచి వస్తూ వాళ్ళింట్లో ఆగింది. రాజ్యలక్ష్మి ఇచ్చిన మంచినీళ్ళు తాగి, త్రినాథరావుతో అంది. "అన్నయ్యగారూ, మీతో అయితే మనసు విప్పుతారు, కాస్త కనుక్కోండి. అన్నం కలుపుకునేటప్పుడు కూడా చెయ్యి చూసుకుంటున్నారు. మొన్న గెడ్డం గీసుకోడానికి కూడా మంగలి దగ్గరికి వెళ్ళొచ్చారు. ఎందుకంటే మాట్లాడరు."

ఆవిడ వెళ్ళిపోయాక రాజ్యలక్ష్మి భర్త ఎదురుగా కూర్చుంది. "ఆ మూల సంగతి దేవసహాయం అన్నయ్యగారికి చెప్పెయ్యండి" అంది.

ఆవిడకి అన్నీ తెలుసని అప్పుడే తెలిసింది అతనికి.

"ఇవాళే వెళ్ళి చెప్పండి. తిడితే తిడతారు. మిమ్మల్ని తిట్టడానికి ఆయన కన్నా హక్కున్నవాళ్ళెవరు?" అంది ఆవిడ.

చెబుతానన్నాడు. ఆ పూటే బయల్దేరాడు కూడా. సగం దారిలో కాళ్ళాగిపోయాయి. మోసం చేశానురా అనే మాట నోట్లోంచి ఎలా తియ్యడం? ఇంకో దారి లేదా అని వెతుక్కున్నాడు. దొరికింది. బల్లని బాగు చేయించేస్తే సరి. ఎవరికీ తెలియకుండా మూల లేపించేస్తే, దేవసహాయం బంతి మళ్ళీ తిన్నగా పోతుంది. చెయ్యి బాగుందని వాడే తెలుసుకుంటాడు. బోర్డు మళ్ళీ కడతాడు. తను నోరు విప్పక్కర్లేదు. చూశారా, తప్పు దిద్దుకునేటప్పుడు కూడా అతనికి ఓడిపోవడం చేతకాలేదు.

రాజమండ్రి పనివాణ్ణి పిలిపించాడు. అతను గుడ్డ అంచు విప్పి, పలక కింద రేకు ముక్కలు పెట్టి, మూల లేపి, మళ్ళీ బిగించాడు. బంతి దొర్లిస్తే తిన్నగా పోయింది. త్రినాథరావుకి గుండె మీది బరువు దిగినట్టయింది. మర్నాడు సాయంత్రం పరిగెత్తినట్టుగా వెళ్ళి స్నేహితుణ్ణి పిలిచాడు.

"ఒక్క ఆట ఆడరా. ఒక్కటంటే ఒక్కటి. నాకోసం."

దేవసహాయం రానన్నాడు. బతిమాలగా బతిమాలగా వచ్చాడు. కర్ర చేతిలోకి తీసుకున్నాడు. త్రినాథరావు బల్ల పక్కనే నిలబడి చూస్తున్నాడు. బంతి ఆ మూల జేబుకి ఎదురుగానే ఉంది. పూర్వం దేవసహాయం మాట్లాడుతూ మాట్లాడుతూ వేసేసే బంతి అది. అతను గురి చూశాడు. కర్ర వెనక్కి తీశాడు. చివర కొట్టే క్షణంలో కర్ర కొన వణికింది. బంతి జేబుకి బెత్తెడు దూరంలోంచి పోయింది.

మళ్ళీ ఆడమన్నాడు త్రినాథరావు. మళ్ళీ వణికింది. బల్ల తిన్నగానే ఉంది. మనిషే ఒరిగిపోయాడు.

దేవసహాయం కర్ర గోడకి ఆనించి, "చూశావు కదరా, ఇంక అడక్కు" అన్నాడు.

అప్పుడు త్రినాథరావు నోరు విప్పాడు. స్నేహితుడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ చేతికి ఏమీ లేదురా. బల్ల కుంగి ఉంది. కొనేటప్పుడే నాకు తెలుసు. తెలిసే తెచ్చాను, నిన్ను గెలవాలని. పనివాడు బాగు చేస్తానంటే నేనే వద్దన్నాను. రసమట్టం మధ్యలో పెట్టి నిన్ను మోసం చేశాను. నన్ను కొట్టరా, తిట్టరా, కానీ నీ చెయ్యి బాగుందని నమ్మరా" అని ఏడ్చాడు.

దేవసహాయం చేతులు విడిపించుకుని అతని భుజం తట్టాడు. తర్వాత, ఏడ్చే పిల్లల్ని సముదాయించే తన పాత నవ్వు ఒకటి నవ్వాడు.

"ఎంత పిచ్చివాడివిరా. నన్ను ఊరుకోబెట్టడానికి ఇంత నింద నెత్తినేసుకుంటావా?"

"అబద్ధం కాదురా, నిజం."

"ఏదీ, ఆ రసమట్టం పట్రా."

త్రినాథరావు తెచ్చాడు. దేవసహాయం తనే దాన్ని ఎడమ మూల పెట్టాడు. బుడగ మధ్యలో నిలబడింది. ఎందుకు నిలబడదు? అంతకుముందురోజే కదా బాగు చేయించింది. "చూడు, కుంగితే ఇలా ఉంటుందా?" అన్నాడు దేవసహాయం.

లోపల్నుంచి రాజ్యలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. "నిజమేనన్నయ్యగారూ. పనివాడు చెప్పడం నా చెవులారా విన్నాను. నిన్ననే బాగు చేయించారు" అంది.

"నువ్వు కూడానా చెల్లెమ్మా? మీ ఇద్దరికీ నా మీద ఎంత ప్రేమ" అన్నాడు దేవసహాయం. అతని కళ్ళు తడిశాయి. త్రినాథరావు రాజమండ్రి నుంచి పనివాణ్ణి కూడా తీసుకొచ్చి నిలబెట్టాడు. దేవసహాయం అతనికి టీ ఇప్పించి, "ఇతన్ని కూడా అంత దూరం నుంచి రప్పించి పాఠం చెప్పించావా" అని మందలించి పంపేశాడు. ఆ రేకు ముక్కలు తీయించేసి బల్లని మళ్ళీ కుంగదీసి చూపిస్తానన్నాడు త్రినాథరావు.

"నాకోసం బాగున్న బల్లని పాడుచేస్తావా? నాకు తెలీదనుకోకు త్రినాథా. నువ్వు ఆట గెలవాలనుకుంటావు, అంతే. నన్ను మోసం చేసేవాడివి కాదు" అన్నాడు దేవసహాయం.

ఆ మాట విన్న త్రినాథరావు గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఇంత నమ్మకాన్ని తట్టుకోవడం అతని వల్ల కాలేదు.

దేవసహాయం మళ్ళీ పట్టుకారు పట్టలేదు. తణుకు పిల్లలు పన్ను నొప్పి అంటే భీమవరం బస్సెక్కి, దారంతా ఏడ్చుకుంటూ వెళ్ళేవారు. అతను కొన్నాళ్ళు సాయంత్రాలు వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. రానురాను రావడం తగ్గించాడు. ఇంట్లో కూడా మాట తగ్గిపోయింది. రెండేళ్ళు తిరక్కుండానే, పెద్ద జబ్బంటూ ఏమీ లేకుండానే, ఒక చలికాలం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. శవపేటిక మోసినవాళ్ళలో త్రినాథరావు ముందున్నాడు.

దేవసహాయం పోయేదాకా ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్పేవాడు. "త్రినాథుడి లాంటి స్నేహితుడు ఎవరికుంటాడండీ? నా చేతికున్న పేరు పోకూడదని తన పేరు పాడుచేసుకోబోయాడు." ఊరు ఆ మాట నమ్మింది. ఇప్పటికీ కొట్టుకొచ్చినవాళ్ళు త్రినాథరావుకి నమస్కారం పెట్టి, "మీ స్నేహం గొప్పదండీ, మా పిల్లలకి చెబుతుంటాం" అంటారు. అతను కాదని చెబుతాడు. జరిగిందంతా చెబుతాడు. వాళ్ళు అతని వినయాన్ని చూసి ఇంకొంచెం మెచ్చుకుని వెళతారు. జీవితమంతా గెలవాలని చూసిన మనిషికి మెచ్చుకోళ్ళు దొరుకుతూనే ఉన్నాయి, ఆగడం లేదు. రాజ్యలక్ష్మి వడ్డించిన అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండా లేచిపోతుంటాడు.

ఎదుటివాడికి తన మీద తనకున్న నమ్మకాన్ని పోగొట్టి గెలవకూడదు. నిజం చెప్పాల్సిన వేళ దాటిపోయాక, ఏడ్చి చెప్పినా ఆ నమ్మకాన్ని తిరిగి ఇవ్వలేం.